పద్నాలుగేళ్ళు మోసిన బిల్లు

మా మేనమామ 1980లలో కువైట్ వెళ్ళడానికి తీసుకున్న పాస్‌పోర్టు ఇప్పటికీ మా అమ్మ బీరువాలో ఉంది. అట్ట అంచులు అరిగిపోయాయి, కుట్లు వదులయ్యాయి. ఏయే దేశాలకు చెల్లుతుందో రాసే పేజీలో, దక్షిణాఫ్రికా రిపబ్లిక్‌కు తప్ప అని స్పష్టంగా ఉంటుంది. బడికి వెళ్ళే వయసులో అది చూసి, ఆ ఒక్క దేశం ఏం చేసిందని మామయ్యను అడిగాను. "అక్కడ మనలాంటి రంగువాళ్ళను మనుషులుగా చూడరట. అందుకని మన ప్రభుత్వమే అక్కడికి పోవద్దంది" అన్నాడు. కువైట్‌లో డ్రైవరు ఉద్యోగానికి వెళ్ళే మనిషికి దక్షిణాఫ్రికాతో ఏం పని? అయినా ఆ మాట ఆయన జేబులో అన్నేళ్ళూ ఉంది. మన దేశం పాస్‌పోర్టు తీసుకున్న ప్రతి మనిషి చేతా ఆ మాట మోయించింది.

ఇప్పుడు ఆంక్షలు అనే మాట పత్రికల్లో రోజూ కనిపిస్తోంది. రష్యా చమురు, ఇరాన్ బ్యాంకులు, మయన్మార్ సైనికాధికారులు. నా స్నేహితుల్లో ఎక్కువమందికి ఆ మాట అంటేనే గిట్టదు. బలమున్నవాడు బలహీనుడి మెడ మీద కాలు వేయడానికి పెట్టుకున్న అందమైన పేరు అది, మానవ హక్కులన్నది పైకి కప్పిన శాలువా మాత్రమే అంటారు. ఈ మాటలో నిజం లేదని నేను అనను. ఇరాక్ మీద 1990లో మొదలైన ఆంక్షలు సద్దాం హుసేన్ భోజనాన్ని తగ్గించలేదు, బస్రా ఆసుపత్రుల్లో మందులను తగ్గించాయి. అక్కడ ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమాన్ని నడిపిన డెనిస్ హాలిడే ఈ పనిలో భాగం కాలేనని 1998లో రాజీనామా చేశారు. ఆయన స్థానంలో వచ్చిన హన్స్ ఫాన్ స్పోనెక్ కూడా 2000లో అదే చేశారు.

అయినా ఆంక్షలన్నీ ఒకటే అన్న వాదనను నేను ఒప్పుకోలేను. ఒప్పుకోనివ్వని మనిషి ఒకరున్నారు. ఆయన అధ్యక్షుడు కాదు, విదేశాంగ మంత్రి కాదు, రాయబారి కూడా కాదు. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్, బర్కిలీ ప్రాంతం నుంచి ఎన్నికై అమెరికా ప్రతినిధుల సభలో కూర్చున్న సభ్యుడు. పేరు రాన్ డెల్లమ్స్.

డెల్లమ్స్ 1935లో ఓక్లాండ్‌లో పుట్టారు. అది నౌకాశ్రయం, రైల్వేలు ఉన్న కార్మికుల ఊరు. ఆయన తండ్రి సోదరుడు సి.ఎల్. డెల్లమ్స్ రైళ్ళలో పడక పెట్టెల పోర్టర్లుగా పనిచేసే నల్లజాతివారి సంఘంలో పెద్ద నాయకుడు. రాన్ కొన్నాళ్ళు మెరైన్ దళంలో పనిచేసి, తర్వాత చదువుకుని మానసిక రోగులతో పనిచేసే సామాజిక కార్యకర్త అయ్యారు. బర్కిలీ నగర సభకు ఎన్నికయ్యారు. 1970లో వియత్నాం యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకిస్తూ పార్లమెంటు ఎన్నికలకు నిలబడినప్పుడు ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ ఆయన పేరెత్తి మరీ తీవ్రవాది అని తిట్టాడు. ఓక్లాండ్ జనం గెలిపించి పంపారు.

ఆయన సభలో అడుగుపెట్టక ముందే, దేశం అటు కొసన ఒక చిన్న సంగతి జరిగింది. మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో పోలరాయిడ్ కంపెనీ ఉంది. నిమిషంలో ఫోటో చేతికిచ్చే కెమెరాల కంపెనీ అది. 1970లో ఒకరోజు మధ్యాహ్నం అక్కడ రసాయన శాస్త్రవేత్తగా పనిచేసే కారొలైన్ హంటర్, ఫోటోగ్రాఫర్ కెన్ విలియమ్స్ అనే ఇద్దరు నల్లజాతి ఉద్యోగులు భోజనానికి బయలుదేరారు. దారిలో నోటీసు బోర్డు మీద నమూనా గుర్తింపు కార్డు ఒకటి కనిపించింది. దాని మీద దక్షిణాఫ్రికా గనుల శాఖ పేరు ఉంది. మన కంపెనీకి దక్షిణాఫ్రికా గనులతో ఏం పని అని ఇద్దరికీ అనుమానం వచ్చింది. ఆరా తీస్తే తేలింది: దక్షిణాఫ్రికాలో నల్లవారి మెడకు గుదిబండలా కట్టిన పాసు పుస్తకాలలో ఫోటోలు తీయడానికి వాడుతున్నది తమ కంపెనీ సరుకే.

ఆ పాసు పుస్తకం అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. 16 ఏళ్ళు దాటిన ప్రతి ఆఫ్రికన్ దాన్ని ఎల్లవేళలా వెంట పెట్టుకు తిరగాలి. ఏ ఊళ్ళో ఉండవచ్చు, ఎవరి దగ్గర పని చేస్తున్నాడు, యజమాని సంతకం ఉందా లేదా, అన్నీ అందులోనే. రొట్టె కొనుక్కుందామని వీధి చివరి దాకా వెళ్ళి పుస్తకం ఇంట్లో మరిచిపోతే జైలు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో ఈ పాసుల మీద నిరసనగా పోలీసు స్టేషను ముందుకు వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఆ పుస్తకం లోపల అతికించే ఫోటోను తమ చేతులతో చేసిన ఫిల్ము ఇస్తోందని తెలిసినప్పుడు ఆ ఇద్దరూ ఊరుకోలేదు. పోలరాయిడ్ 60 సెకన్లలో నల్లవారిని ఖైదు చేస్తోందని కరపత్రాలు వేసి పంచారు. సంఘం పెట్టారు. హంటర్ ఉద్యోగం పోయింది. ప్రభుత్వానికి నేరుగా అమ్మబోమని కంపెనీ ప్రకటించింది కానీ, అక్కడి పంపిణీదారు దొడ్డిదారిన ప్రభుత్వానికి అమ్ముతూనే ఉన్నాడని బయటపడి 1977లో ఆ దేశం నుంచే తప్పుకోవలసి వచ్చింది.

ఆ కార్మికులు విన్నపం పట్టుకుని వాషింగ్టన్‌లో కొత్తగా సభ్యుడైన డెల్లమ్స్ దగ్గరికి వచ్చారు. 1972 ఫిబ్రవరిలో డెల్లమ్స్, మరో సభ్యుడు జాన్ కానియర్స్ కలిసి దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద ఆంక్షలు కోరుతూ మొదటి ప్రతిపాదనను సభలో పెట్టారు. అది ఎక్కడికీ పోలేదు, సభాసంఘం అరలోనే ఉండిపోయింది. ఆయన మళ్ళీ పెట్టారు. మళ్ళీ పోయింది. అలా పద్నాలుగేళ్ళు గడిచాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ పద్నాలుగేళ్ళే. ఈలోగా ఆయన జుట్టు నెరిసింది. దక్షిణాఫ్రికాలో 1976 జూన్ 16న నల్లవారి వాడ సొవెటోలో పిల్లలు తమ మీద తెల్ల పాలకుల ఆఫ్రికాన్స్ భాషను రుద్దవద్దని వీధుల్లోకి వచ్చి తుపాకీ గుళ్ళకు బలయ్యారు. అమెరికా ప్రభుత్వాలు మారాయి, వాటి జవాబు మాత్రం మారలేదు. ఆ దేశంలో క్రోమియం, మాంగనీసు, ప్లాటినం ఉన్నాయి. ఆఫ్రికా దక్షిణపు కొసన ఓడల దారి ఉంది. కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా నిలబడే ప్రభుత్వం ఉంది. ఇన్ని ఉన్నచోట కోట్లాదిమందికి ఓటు లేదన్న సంగతి లెక్కలోకి రాలేదు. రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ వచ్చాక దీనికి నిర్మాణాత్మక సంబంధాలు అని పేరు పెట్టారు. ఆ ప్రభుత్వాన్ని దూరం చేసుకోకుండా, మెల్లగా నచ్చజెప్పి మారుద్దామన్నది సారాంశం. దక్షిణాఫ్రికా బిషప్ డెస్మండ్ టూటూ తనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చిన 1984 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు కూర్చుని, ఈ విధానం అనైతికం, పాపం, క్రైస్తవానికే విరుద్ధం అని మొహం మీద చెప్పారు.

అంతకు కొద్దిరోజుల ముందు, నవంబరు 21న ట్రాన్స్‌ఆఫ్రికా అనే ఉద్యమ సంస్థ నాయకుడు రాండల్ రాబిన్సన్, పౌరహక్కుల కమిషన్ సభ్యురాలు మేరీ ఫ్రాన్సిస్ బెర్రీ, ప్రతినిధుల సభలో వాషింగ్టన్ నగర ప్రతినిధి వాల్టర్ ఫాంట్రాయ్ కలిసి దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయానికి మాట్లాడడానికని వెళ్ళి, మేము లేవం అని కూర్చున్నారు. పోలీసులు అరెస్టు చేశారు. మర్నాటి నుంచి వరుసలు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అరెస్టయ్యే ఆ కార్యక్రమం ఏడాదికి పైగా సాగింది, వేలమంది అరెస్టయ్యారు. విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు పూరిపాకలు వేసుకుని కూర్చుని, ఆ దేశంలో వ్యాపారం చేసే కంపెనీల వాటాలు అమ్మేయమని యాజమాన్యాలను నిలదీశారు. పద్నాలుగేళ్ళు సభలో ఒంటరిగా కనిపించిన బిల్లుకు వీధిలో కాళ్ళు వచ్చాయి.

1986 జూన్ 18 నాటి సంగతిని మాత్రం కాస్త నిదానంగా చెబుతాను.

ఆరోజు సభ ముందున్నది ఫిలడెల్ఫియా సభ్యుడు విలియం గ్రే తెచ్చిన బిల్లు. కొత్త పెట్టుబడులు ఆపడం లాంటి మధ్యస్థపు చర్యలు అందులో ఉన్నాయి. దాని స్థానంలో డెల్లమ్స్ తన ప్రత్యామ్నాయాన్ని ప్రతిపాదించారు. దాదాపు వ్యాపారమంతా బంద్, అమెరికన్ కంపెనీలన్నీ 180 రోజుల్లో బయటికి రావాలి. అది నెగ్గుతుందని ఎవరూ అనుకోలేదు. చర్చ ముగిసింది. సభాధ్యక్ష స్థానంలో ఉన్నాయన అవునన్నవారినీ కాదన్నవారినీ అడిగి, అవునన్నవారిదే గెలుపని ప్రకటించారు. మూజువాణి ఓటు అంటే ఏమిటో తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు అలాగే నెగ్గింది, ఆ సాయంత్రం రెండు వైపులా ఇళ్ళలో టీవీల ముందు కూర్చున్నవారెవరూ ఆ మాటను మరిచిపోలేరు. తగినంతమంది సభ్యులు కోరితే మూజువాణి చాలదు, పేరు పేరునా లెక్క పెట్టాల్సిందే. రిపబ్లికన్ల తరఫున చర్చ నడుపుతున్న మిషిగన్ సభ్యుడు మార్క్ సిల్యాండర్ ఆ లెక్క కోరలేదు. ఇంత తీవ్రమైన బిల్లు సెనెట్‌లో ఎలాగూ చస్తుంది, గ్రే బిల్లు కూడా దానితోపాటే పోతుందన్నది ఆయన ఎత్తు. ఎత్తు వేసినవాడికి, పద్నాలుగేళ్ళుగా అదే బిల్లు మోస్తున్నవాడికి ఆ క్షణం వేర్వేరుగా కనిపించి ఉంటుంది. ప్రతినిధుల సభ దక్షిణాఫ్రికా మీద సంపూర్ణ ఆంక్షలకు ఓటేసిందన్న వార్త ఆ సాయంత్రమే ప్రపంచమంతా పాకింది.

సిల్యాండర్ లెక్క సగం నిజమైంది. సెనెట్ ఆ బిల్లును తీసుకోలేదు. విదేశీ వ్యవహారాల సంఘం అధ్యక్షుడు, రిపబ్లికన్ అయిన రిచర్డ్ లూగర్ తన మెత్తటి బిల్లును ఆగస్టులో 84–14 తేడాతో నెగ్గించారు. అయితే ఎదుట డెల్లమ్స్ బిల్లు నిలబడి ఉండడంతో లూగర్ బిల్లు మధ్యేమార్గంలా కనిపించింది. అది లేకపోతే అదే తీవ్రమైనదిగా కనిపించి ఉండేదని నా నమ్మకం. కొత్త పెట్టుబడులు, రుణాలు ఆగాయి. యురేనియం, బొగ్గు, ఇనుము, ఉక్కు, వస్త్రాలు, వ్యవసాయ ఉత్పత్తుల దిగుమతులు ఆగాయి. దక్షిణాఫ్రికా విమానాలు అమెరికాలో దిగడానికి వీల్లేదన్నారు. డెల్లమ్స్ కోరినదానిలో ఇది కొంత మాత్రమే. సమయం మించిపోతుండడంతో ప్రతినిధుల సభ కూడా ఆ మెత్తటి బిల్లునే ఒప్పుకుంది. ఈ ఒప్పుకోలును తప్పుపట్టినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారితో నేను లేను. మొత్తం అడిగినందుకే సగమైనా చేతికి వచ్చింది.

సెప్టెంబరు 26న రీగన్ వీటో చేశారు. ఆంక్షలు ఎవరి కోసం పెడుతున్నారో ఆ నల్లజాతి కార్మికులనే దెబ్బతీస్తాయని ఆయన వాదన. మూడు రోజుల్లో ప్రతినిధుల సభ 313–83తో వీటోను తోసిపుచ్చింది. సెనెట్‌లో ఓటింగుకు ముందు దక్షిణాఫ్రికా విదేశాంగ మంత్రి పిక్ బోథా స్వయంగా వ్యవసాయ రాష్ట్రాల సెనెటర్లతో ఫోనులో మాట్లాడి, బిల్లు నెగ్గితే మీ ధాన్యం కొనబోమని హెచ్చరించాడు. లూగర్‌కు ఒళ్ళు మండింది, ఇది బెదిరింపు అని సభలోనే అన్నారు. అక్టోబరు 2న సెనెట్ 78–21తో చట్టం చేసింది. ఆ 78 మందిలో 31 మంది అధ్యక్షుడి సొంత పార్టీవారు. ఆ అంకెను గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

రీగన్ వాదనను నేను తేలిగ్గా తీసేయను, ఎందుకంటే అదే వాదన నేను గౌరవించే ఒక మనిషి నోట కూడా వచ్చింది. హెలెన్ సుజ్మన్ దక్షిణాఫ్రికా పార్లమెంటులో 1953 నుంచి 1989 దాకా సభ్యురాలు. అందులో 13 ఏళ్ళు తన పార్టీ తరఫున సభ మొత్తంలో ఆమె ఒక్కరే. తెల్లవారు మాత్రమే ఓటేసే సభలో ఒంటరిగా నిలబడి ప్రతి వివక్ష చట్టాన్నీ వ్యతిరేకించారు. 1967లో రాబెన్ దీవికి వెళ్ళి మండేలాను చూసి, జైల్లో జరుగుతున్నదేమిటో అడిగారు. మీ ప్రశ్నలతో దేశం పరువు తీస్తున్నారని ఒక మంత్రి విసుక్కుంటే, పరువు తీస్తున్నది నా ప్రశ్నలు కాదు, మీ జవాబులు అన్నారు. అలాంటి సుజ్మన్ ఆంక్షలకు వ్యతిరేకి. ఆర్థిక వ్యవస్థ ఎదిగితేనే నల్లవారికి బలం వస్తుందని, ఆకలి విముక్తి తేదని ఆమె నమ్మారు. జులూ నాయకుడు బుతెలెజీ కూడా ఆంక్షలు వద్దనే అన్నారు.

ఇక్కడ ఎవరి మాట వినాలి? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. చివరికి నాకు దారి చూపినవారు ఆల్బర్ట్ లుతులీ. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఆయన, ఆర్థిక బహిష్కారం ఆఫ్రికన్లకు కష్టాలు తెస్తుంది, అందులో మాకు సందేహం లేదు, అయినా రక్తపాతపు రోజులను అది తగ్గిస్తే ఆ కష్టం మేం చెల్లించడానికి సిద్ధపడిన ధర అని చెప్పారు. టూటూ కోరింది అదే. 1985లో డర్బన్‌లో పుట్టిన కార్మిక సంఘాల సమాఖ్య కొసాటు కోరింది అదే. సభ్యుల ఉద్యోగాలు పోతాయని తెలిసే కోరింది. అప్పుడు ఆ దేశంలో ఆంక్షలు కోరడమే నేరం, జైలుకు పోతామని తెలిసీ కోరారు. సుజ్మన్ నిజాయితీగా మాట్లాడారు, కానీ ఆమె ఇతరుల ఆకలి గురించి మాట్లాడారు. లుతులీ తన ఆకలి గురించి మాట్లాడారు. ఈ రెండింటి మధ్య ఎంచుకోవలసి వస్తే నేను లుతులీ మాటే వింటాను. ఇరాక్‌కూ దక్షిణాఫ్రికాకూ నాకు కనిపించే తేడా ఇక్కడే ఉంది. దెబ్బ తినబోయేవారు అడిగిన ఆంక్షలు అవి. ఇరాక్ ప్రజలను ఎవరూ అడగలేదు.

రెండో తేడా చట్టం లోపలే ఉంది. ఆ 1986 చట్టం ఎప్పుడు ముగుస్తుందో అందులోనే రాశారు. మండేలా, రాజకీయ ఖైదీలు విడుదల కావాలి, ఇది తప్పనిసరి. ఎమర్జెన్సీ ఎత్తివేత, రాజకీయ పార్టీల మీద నిషేధం తొలగింపు, నివాస ప్రాంతాలనూ పుట్టుకనూ జాతి ప్రకారం విడదీసే చట్టాల రద్దు, నల్లజాతి ప్రతినిధులతో చర్చలకు ఒప్పుకోలు: ఈ నాలుగింటిలో కనీసం మూడు నెరవేరాలి. అప్పుడు అధ్యక్షుడు ఆంక్షలు ఎత్తేయవచ్చు. గుమ్మం ఎక్కడుందో, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎదుటివాడికి తెలుసు. మండేలా 1990 ఫిబ్రవరి 11న బయటికి వచ్చారు. 1991 జులై 10న అధ్యక్షుడు బుష్ షరతులన్నీ నెరవేరాయని చెప్పి ఆంక్షలు తొలగించారు. ఖైదీలు ఇంకా లోపలే ఉన్నారు, తొందరపడ్డారని ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అభ్యంతరం చెప్పింది. కనీసం దేని మీద తగువు పడాలో అందరికీ తెలిసేలా రాసిన చట్టం అది.

ఈ ఆంక్షలే వర్ణవివక్షను కూల్చాయని నేను చెప్పను. చట్టానికి ఏడాది ముందే, 1985లో న్యూయార్క్ బ్యాంకు చేజ్ మాన్‌హటన్ అప్పులు తిరగరాయనని ప్రకటించగానే దక్షిణాఫ్రికా కరెన్సీ రాండ్ కుప్పకూలింది, ఆ దేశం అప్పుల చెల్లింపే ఆపేసింది. నల్లవారు ఉండే టౌన్‌షిప్పులలో జనం తిరుగుబాటును ఎమర్జెన్సీ కూడా అణచలేకపోయింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిపోవడం వల్ల కమ్యూనిజం బూచి పనిచేయకుండా పోయింది. వీటన్నిటి మధ్య ఆ చట్టం వాటా ఎంతో తూకం వేసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ బయటి దేశాలు ఎప్పటికైనా మనవైపే ఉంటాయన్న ధీమా ఒకటి ప్రిటోరియాలోని దక్షిణాఫ్రికా పాలకులకు ఉండేది. ఆ 78–21 దాన్ని పోగొట్టింది. రీగన్ ఉన్నా మిమ్మల్ని కాపాడలేడని వాళ్ళకు అర్థమైంది.

ఇక మన సంగతి.

ఈ దారిలో మొదట నడిచింది మనమే. ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, 1946 జులైలో భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం నిషేధించింది. నాటాల్‌లోని భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ ఉండాలో శాసిస్తూ అక్కడ వచ్చిన చట్టం దానికి తక్షణ కారణం. ఆ భారతీయుల్లో మనవాళ్ళు తక్కువమంది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీలతో ట్రూరో అనే ఓడ డర్బన్ చేరినప్పటి నుంచి తెలుగు జిల్లాల జనం అక్కడి చెరుకు తోటల్లో చెమటోడుస్తూనే ఉన్నారు. 1931లోనే వాళ్ళు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1946 డిసెంబరులో విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితిలో ఈ విషయం లేవనెత్తి మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానం నెగ్గించారు.

నెల్లూరు జిల్లాలో పుట్టిన ఒక యువకుడు సరిగ్గా ఆ 1946లోనే చదువుకోవడానికి న్యూయార్క్ చేరాడు. పేరు ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. అక్కడి దక్షిణాఫ్రికా కాన్సులేటు ముందు జరిగిన నిరసనలో తోటి భారతీయ విద్యార్థులతో కలిసి నిలబడ్డాడు. 1949లో ఐక్యరాజ్యసమితి ఉద్యోగంలో చేరి, 1963 నుంచి వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక సంఘానికి కార్యదర్శిగా, తర్వాత వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరుగా రెండు దశాబ్దాలకు పైగా అదే పని చేశాడు. ఆంక్షల ఉద్యమానికి కావలసిన సమాచారం, పరిచయాలు, వేదికలు సమకూర్చినవారిలో ఆయన ముందువరుసలో ఉంటారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2013లో ఆయనకు ఓ.ఆర్. టాంబో పురస్కారం ఇచ్చింది. 2020 నవంబరు 1న కన్నుమూశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఒక్క పేజీ అయినా ఉండాలని నాకు బలంగా అనిపిస్తుంది.

1974లో మన టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనల్ చేరింది. ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా. ఆడనే ఆడకుండా కప్పు వదులుకున్నాం. అమృత్‌రాజ్ సోదరుల తరం ఆటగాళ్ళకు అలాంటి అవకాశం మళ్ళీ ఎన్నడొస్తుంది? అయినా వదులుకున్నాం. మామయ్య పాస్‌పోర్టులోని మాట ఆ వరుసలోదే.

ఇప్పుడు ఆ 31 దగ్గరికి వస్తాను. మన పార్లమెంటులో పాలక పక్షానికి చెందిన 31 మంది సభ్యులు ఒక విదేశాంగ విషయంలో తమ ప్రధానికి వ్యతిరేకంగా ఓటు వేయడం ఊహించగలమా? విప్ జారీ అయితే చాలు, కాదన్నవాడి సభ్యత్వమే పోతుంది. ఆ ఫిరాయింపుల చట్టం వచ్చింది 1985లో, అమెరికాలో ఈ పోరు ఊపందుకున్న ఏడాదే. డబ్బుకు పార్టీలు మారేవారిని ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆయారాంకూ, మనస్సాక్షి కోసం ఓటేసేవాడికీ ఆ చట్టం తేడా చూడదు. పోనీ సొంతంగా బిల్లు పెడదామంటే, ప్రైవేటు సభ్యుల బిల్లులకు దక్కేది శుక్రవారం మధ్యాహ్నాలు. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటి బిల్లులు చట్టమైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. విదేశాలతో ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం అక్కరలేదు. అంటే డెల్లమ్స్ మన లోక్‌సభలో కూర్చుని ఉంటే పద్నాలుగేళ్ళు కాదు, నలభై ఏళ్ళు మోసినా ఆ బిల్లు గుమ్మం దాటేది కాదు.

అమెరికా పద్ధతి లోపం లేనిదని నేను అనడం లేదు. రష్యా అధికారుల అవినీతిని బయటపెట్టి, మాస్కో జైల్లో 2009లో చనిపోయిన సెర్గీ మాగ్నిట్‌స్కీ పేరిట సెనెటర్ బెన్ కార్డిన్, ప్రతినిధుల సభలో జిమ్ మెక్‌గవర్న్ తెచ్చిన చట్టం 2012లో వచ్చింది. దేశం మొత్తాన్ని కాక, నేరం చేసిన అధికారుల ఆస్తులనూ వీసాలనూ పట్టుకునే చట్టం అది. ఆలోచన నాకు నచ్చింది. 2016లో దాన్ని ప్రపంచమంతటికీ విస్తరించారు. 2018లో సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీని ఇస్తాంబుల్ కాన్సులేటులో చంపినప్పుడు దాని కిందనే 17 మంది సౌదీల మీద ఆంక్షలు పెట్టారు. ఆ హత్యకు దారితీసిన చర్యకు యువరాజు ఆమోదం ఉందని అమెరికా గూఢచారి సంస్థల నివేదికే 2021లో బయటపెట్టింది, అయినా ఆయన పేరు జాబితాలో చేరలేదు. చట్టం సభ్యులు రాశారు, జాబితా ప్రభుత్వం రాసింది. 1986 నాటి చట్టంలో షరతులను సభే రాసి, ప్రభుత్వం చేతులు కట్టేసింది. ఈ తేడా చిన్నది కాదు.

మన దగ్గర దారులన్నీ మూసుకుపోయాయని కూడా నేను నమ్మను. 2021లో మయన్మార్ సైన్యం అధికారం లాక్కున్నాక ప్రాణాలు అరచేత పట్టుకుని జనం మిజోరం సరిహద్దు దాటి వచ్చారు. వారిని రానివ్వవద్దని కేంద్ర హోం శాఖ రాసింది. అప్పటి ముఖ్యమంత్రి జోరంతంగా ప్రధానికే ఉత్తరం రాసి, వాళ్ళు మా రక్తసంబంధీకులు, మేం చూస్తూ ఊరుకోలేం అన్నారు. మిజోరం ఆశ్రయమిచ్చింది, ఊళ్ళలో చర్చిలు, సంఘాలు అన్నం పెట్టాయి. ఒక చిన్న రాష్ట్రం తన ప్రజల మాటను ఢిల్లీ విదేశాంగ విధానానికి ఎదురుగా నిలబెట్టింది. తెలుగువాళ్ళం ప్రపంచమంతా విస్తరించామని గర్వంగా చెప్పుకుంటాం. గల్ఫ్‌లో యజమాని చేతిలో పాస్‌పోర్టు చిక్కి ఇంటికి రాలేని కడప, కరీంనగర్ కూలీల గురించి మన ఎంపీలు ఎంత గట్టిగా మాట్లాడారు? పాస్‌పోర్టు లాక్కోవడం, తిరగనివ్వకపోవడం, యజమాని సంతకం లేనిదే ఉద్యోగం మారనివ్వకపోవడం: ఇవి వింటే నాకు ఆ పాసు పుస్తకమే గుర్తొస్తుంది. రెండూ ఒకటేనని అనను. అక్కడ అది దేశం మొత్తాన్ని నడిపిన చట్టం. కానీ కారొలైన్ హంటర్ నోటీసు బోర్డు దగ్గర ఆగిపోయి చూసినట్టు, మనవాళ్ళు కూడా ఒకసారి ఆగి చూడాలి.

పోయిన వారం మా నియోజకవర్గం ఎంపీగారికి ఉత్తరం రాశాను. బిల్లు పెట్టమని అడగలేదు, అది ఎంత కష్టమో పైన రాశాను. ప్రశ్నోత్తరాల సమయంలో ఒకే ఒక ప్రశ్న అడగమన్నాను: గల్ఫ్ దేశాలతో మనం చేసుకున్న కార్మిక ఒప్పందాలలో, పాస్‌పోర్టు లాక్కున్న యజమానికి మన మనుషులను పంపడం ఆపేసే షరతు ఎన్నింటిలో ఉంది, దాన్ని ఎన్నిసార్లు అమలు చేశారు? ఈ ప్రశ్నను నాకు చెప్పినవాళ్ళు అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళే, వారిలో మామయ్య ఒకరు. ఆయన పాస్‌పోర్టులో ఆ పేజీ ఫోటో తీసి ఉత్తరానికి జతచేశాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను. రాకపోతే వచ్చే సమావేశాలకు మళ్ళీ రాస్తాను.